చట్టబద్ధమైన అబార్షన్‌కు అడ్డంకులు ఎక్కడ ఎదురవుతాయి? విశాఖపట్నం నుంచి ఒక పరిశీలన

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన తన పాత రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసింది. మూడు నెలలు దాటిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 29న, మన సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలకూ 24 వారాల వరకు అబార్షన్ అవకాశం ఉంటుందని తీర్పు చెప్పింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి, మన దేశంలో ఈ విషయం ఎప్పుడో తేలిపోయిందన్న నమ్మకం కలగడం సహజం. ఏడాది తిరిగేసరికి ఆ నమ్మకం సడలింది. 2023 అక్టోబరులో 26 వారాలు దాటిన ఒక వివాహితకు ఒక సోమవారం అనుమతి ఇచ్చిన సుప్రీంకోర్టు, మరుసటి సోమవారానికి అదే అభ్యర్థనను తోసిపుచ్చింది. మరి మన దేశంలో అబార్షన్ చట్టబద్ధమా, కాదా?

ఈ ప్రశ్నకు అవునని గాని, కాదని గాని ఒక్క ముక్కలో జవాబు చెప్పలేము. ఎన్నో వారం, ఏ కారణం, ఎంతమంది డాక్టర్ల అభిప్రాయం, ఏ ఆసుపత్రి అన్న నాలుగు విషయాల మీద జవాబు మారుతుంది. మన చట్టం హక్కును వారాల్లో కొలుస్తుంది కాబట్టి, ఆసుపత్రి దూరం, డాక్టరు భయం, అక్కర్లేని సంతకం వంటి ప్రతి ఆలస్యమూ వారాలను తినేసి చివరకు చట్టపరమైన అడ్డంకిగానే మారుతుంది. ఈ వ్యాసంలో మిగతా వివరాలన్నీ ఈ సంగతి చుట్టూనే ఉంటాయి.

## నేరానికి మినహాయింపుగా వచ్చిన చట్టం

గర్భస్రావం చేయించడం నేటికీ మన దేశంలో మూలతః నేరమే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 88వ సెక్షన్ దీనికి మూడేళ్ల వరకు, కడుపులో కదలిక తెలిసే దశ దాటితే ఏడేళ్ల వరకు జైలుశిక్ష చెబుతుంది. తనంతట తానే గర్భస్రావం చేసుకున్న స్త్రీ కూడా ఈ సెక్షన్ పరిధిలోకే వస్తుంది. తల్లి ప్రాణం కాపాడటానికి సదుద్దేశంతో చేసినదానికి మాత్రమే అందులో మినహాయింపు ఉంది. పాత శిక్షాస్మృతిలోని 312వ సెక్షన్ సారమే కొత్త నంబరుతో కొనసాగుతోంది.

ఈ నేరానికి మినహాయింపుగా వచ్చినదే 1971 నాటి వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం, వాడుకలో ఎం.టి.పి. చట్టం. నాటు పద్ధతుల వల్ల స్త్రీలు చనిపోతున్నారన్న ఆందోళనతో ప్రభుత్వం వేసిన శాంతిలాల్ షా కమిటీ 1966లో ఇచ్చిన నివేదిక దీనికి ఆధారం. 1972 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. స్త్రీ కోరితే అబార్షన్ చేయాలని ఈ చట్టం ఎక్కడా చెప్పదు. షరతుల ప్రకారం చేసిన రిజిస్టర్డ్ డాక్టరు నేరస్థుడు కాడని మాత్రమే చెబుతుంది. అంటే అది మొదట రక్షించేది డాక్టరును. స్త్రీకి దొరికేది ఆ రక్షణ నీడ. సంతానం విషయంలో స్త్రీ నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గాని, చట్టం ఎముకల గూడు మాత్రం మారలేదు.

ఇక్కడొక చిన్న హెచ్చరిక అవసరం. చట్టంలో ఆర్.ఎం.పి. అంటే వైద్య మండలిలో నమోదై, ఈ పనిలో శిక్షణో అనుభవమో ఉన్న డాక్టరు. మన ఊళ్లలో ఆర్.ఎం.పి. అని పిలుచుకునే వైద్యుడు కాదు. అర్హత లేనివారు అబార్షన్ చేస్తే రెండు నుంచి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష ఉంటుంది.

## వారాల లెక్క ఎక్కడ మొదలవుతుంది

చాలామంది పొరబడేది ఇక్కడే. గర్భం వయసును కలయిక జరిగిన రోజు నుంచి గాక, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఉదాహరణకు ఒకామెకు చివరి నెలసరి జూన్ 1న మొదలైందనుకుందాం. 28 రోజుల చక్రమైతే మళ్లీ నెలసరి రావలసింది జూన్ 29న. ఆ రోజు రాకపోతే, నెల తప్పిందని తెలిసేసరికే ఆమె లెక్కలో నాలుగు వారాలు గడిచిపోయాయి. నెలసరి సక్రమంగా రాని అలవాటున్నవారు మరో పది, పదిహేను రోజులు ఎదురుచూస్తారు. జూలై 10న పరీక్ష చేసుకుంటే అయిదు వారాల నాలుగు రోజులు.

మాత్రలతో గర్భవిచ్ఛిత్తికి మన నిబంధనలు అనుమతించేది తొమ్మిది వారాల వరకు, అంటే ఈ ఉదాహరణలో ఆగస్టు 3 వరకు. ఒక్క డాక్టరు అభిప్రాయం చాలే 20 వారాల గడువు అక్టోబరు 19తో, ఇద్దరు డాక్టర్లు కావలసిన 24 వారాల గడువు నవంబరు 16తో ముగుస్తాయి. కాగితం మీద చూస్తే ఇది ధారాళమైన సమయమే. అయితే పిండంలో లోపాలను పట్టే టిఫా స్కాన్‌ను మామూలుగా 18 నుంచి 22 వారాల మధ్య, అంటే ఈమె విషయంలో అక్టోబరు 5 నుంచి నవంబరు 2 మధ్య తీస్తారు. స్కాన్‌లో అనుమానం వస్తే ఉమ్మనీటి పరీక్షకు పంపుతారు, ఆ ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. లోపం ఉందని రూఢి అయ్యేసరికి నవంబరు 16 దాటిపోవచ్చు. అప్పుడు ఆ కుటుంబం ఎక్కడా అశ్రద్ధ చేయకపోయినా గడువు దాటినట్లే.

## ఏ వారం వరకు ఎవరి అభిప్రాయం

2021లో చేసిన సవరణ ఆ సెప్టెంబరు 24 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 20 వారాల లోపు ఒక డాక్టరు చాలు. తల్లి ప్రాణానికి ప్రమాదం, శరీరానికో మనసుకో తీవ్రమైన హాని, బిడ్డకు తీవ్రమైన లోపం కలిగే అవకాశం అన్నవి కారణాలు. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భం స్త్రీ మనసుకు తీవ్రమైన హాని చేస్తుందని చట్టమే భావిస్తుంది. ఇంతకుముందు ఆ వెసులుబాటు వివాహిత, ఆమె భర్తల పేరనే ఉండేది. సవరణలో వారి స్థానంలో స్త్రీ, ఆమె భాగస్వామి అన్న మాటలు వచ్చాయి.

20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, పైగా ఆమె నిబంధనల్లో చెప్పిన వర్గాల్లో ఒకదానికి చెందాలి. లైంగిక దాడికి గురైనవారు, మైనర్లు, గర్భంతో ఉండగా వితంతువులైనవారు లేక విడాకులు పొందినవారు, తీవ్ర వైకల్యం గాని మానసిక అనారోగ్యం గాని ఉన్నవారు, పిండంలో తీవ్ర లోపం బయటపడినవారు, ప్రభుత్వం ప్రకటించిన విపత్తుల్లో చిక్కుకున్నవారు ఈ జాబితాలో ఉన్నారు. పెళ్లికాని యువతి పేరు ఇందులో లేదు. 2022 తీర్పులో న్యాయమూర్తులు చంద్రచూడ్, బోపన్న, పార్దీవాలా పూరించినది ఈ ఖాళీనే. మొగుడు వదిలేసిన స్త్రీకీ ప్రియుడు వదిలేసిన స్త్రీకీ మధ్య చట్టం తేడా చూపడం రాజ్యాంగం ఒప్పుకోదన్నది ఆ తీర్పు సారాంశం. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం వల్ల వచ్చినదిగానే చూడాలని ఆ ధర్మాసనం చెప్పింది.

తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే వారాల పరిమితి లేదు. దానికి ఒక్క డాక్టరు చాలు.

## సంతకం ఎవరిది

పద్దెనిమిదేళ్లు నిండి, మానసిక అనారోగ్యం లేని స్త్రీ విషయంలో చట్టం అడిగేది ఆమె సంతకం ఒక్కటే. భర్తది, తండ్రిది, అత్తగారిది అక్కర్లేదు. సమ్మతికి వాడే సి ఫారం మీద కూడా ఆమె సంతకమే చాలు. ఆమె పేరు, వివరాలు చట్టం అనుమతించినవారికి తప్ప ఎవరికైనా వెల్లడించిన డాక్టరుకు ఏడాది వరకు జైలు లేదా జరిమానా పడవచ్చు.

ఆచరణలో జరిగేది వేరు. విశాఖలోని గాజువాకలో అద్దెగదిలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న ఇరవై నాలుగేళ్ల పెళ్లికాని అమ్మాయిని ఊహించండి. ఓపీ చీటీ రాసే కౌంటరులోనే భర్త పేరు అడుగుతారు. ఆమె తడబడితే వెనక క్యూలో ఉన్నవారు తలెత్తి చూస్తారు. లోపల, ఇంటి నుంచి పెద్దవాళ్లను తీసుకురమ్మంటారు. ఇందులో చట్టం చెప్పిన షరతు ఒక్కటీ లేదు. అలాగని ఇదంతా దురుద్దేశమే అనలేం. తరువాత రక్తస్రావమై ఆమెకేమైనా అయితే బంధువులు వచ్చి తమను నిలదీస్తారన్న భయం చిన్న నర్సింగ్ హోముల్లో నిజంగానే ఉంటుంది, మన దగ్గర ఆసుపత్రుల మీద దాడులు జరగని ఏడాదంటూ లేదు. ఆ భయం సంగతి ఎలా ఉన్నా, భారం మోసేది ఆ అమ్మాయి. అక్కడి నుంచి వెనుదిరిగితే మరో ఆసుపత్రి వెతుక్కోవడానికి ఆమెకు రెండు వారాలు పట్టవచ్చు.

## మాత్రలు, మందుల షాపు

మిఫెప్రిస్టోన్ అనే మాత్ర, దాని తరువాత మిసోప్రోస్టాల్ మాత్రలు, ఇవే వాడుకలో కిట్ అనబడేది. డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందులివి. చీటీ రాయడానికి అర్హత ఉన్న డాక్టరు తన క్లినిక్‌లోనే రాయవచ్చు, అయితే అవసరం పడితే పంపడానికి అనుమతి పొందిన ఆసుపత్రి అందుబాటులో ఉండాలి.

2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2015లో దేశంలో 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయి. వాటిలో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా, మాత్రలతోనే జరిగినవి. ఆసుపత్రుల్లో జరిగినవి 22 శాతం మాత్రమే. అంటే మన దేశంలో అబార్షన్ ముఖచిత్రం ఆపరేషన్ థియేటరు కాదు, మందుల షాపు కౌంటరు.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవవచ్చు. సకాలంలో సరైన మోతాదులో వేసుకుంటే ఈ మాత్రలు సురక్షితమైనవే కాబట్టి, ఇవి ఎందరో స్త్రీలను నాటు వైద్యం నుంచి కాపాడాయన్నది ఒక వాదన. ప్రసూతి డాక్టర్ల వాదన ఇంకొకటి: వారాలు తప్పుగా లెక్కేసుకుని వేసుకున్నవారు, గర్భం గర్భాశయంలో కాక ట్యూబులో ఉందని తెలియక వేసుకున్నవారు చివరకు రక్తస్రావంతో వచ్చేది తమ దగ్గరికే. రెండూ నిజాలే. షాపుల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల నిఘా పెరిగిన చోట చాలామంది షాపువాళ్లు ఈ గొడవంతా ఎందుకని కిట్ పెట్టడమే మానేస్తారు, అప్పుడు డాక్టరు చీటీ ఉన్నామెకు కూడా మందు దొరకదు. చీటీ లేకుండా అమ్మేవాడు మాత్రం ఎక్కడో ఒకచోట, ఎక్కువ ధరకు, అమ్ముతూనే ఉంటాడు.

## గోడ మీద బోర్డు: రెండు చట్టాల కలగాపులగం

విశాఖలోని మహారాణిపేట, డాబా గార్డెన్స్ ప్రాంతాల్లో ఏ స్కానింగ్ సెంటరుకు వెళ్లినా గోడ మీద ఒక బోర్డు కనబడుతుంది: ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అది చట్టరీత్యా నేరం. ఆ బోర్డు పెట్టమన్నది 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం. అబార్షన్ చట్టానికీ దానికీ సంబంధం లేదు. ఒకటి ఆడపిల్లో మగపిల్లవాడో తెలుసుకోవడాన్ని, చెప్పడాన్ని నిషేధిస్తుంది. రెండోది షరతులతో అబార్షన్‌ను అనుమతిస్తుంది. కానీ గర్భం గురించి ప్రభుత్వం తరఫున జనం కంటపడే వాక్యం ఆ ఒక్కటే కావడంతో, అబార్షనే నేరమన్న అభిప్రాయం స్థిరపడింది. అబార్షన్ ఫలానా షరతులతో చట్టబద్ధమని చెప్పే బోర్డు అంత ప్రముఖంగా కనబడటం అరుదు.

గందరగోళం సామాన్యులకే పరిమితం కాదు. ఇద్దరు ఆడపిల్లలున్న తల్లి పద్నాలుగో వారంలో వస్తే, లింగం తెలుసుకునే వచ్చిందని డాక్టరు అనుమానిస్తారు. ఆ అనుమానానికి ఆధారం లేదని చెప్పలేం, మన సమాజపు చరిత్ర అలాంటిది. అయినా నిషేధ చట్టం గురిపెట్టింది లింగం చెప్పిన స్కానింగ్ గది మీద. పరీక్ష చేసినవాణ్ని పట్టుకోవడం కష్టం, వచ్చిన స్త్రీని తిప్పి పంపడం తేలిక కనుక నిఘా బరువంతా తేలికైన వైపుకు జారింది.

## పద్దెనిమిది నిండని పిల్ల

లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం కింద పద్దెనిమిది లోపు వారితో లైంగిక సంబంధం, ఇష్టప్రకారమైనా, పెళ్లయినా, నేరం. విషయం తెలిసిన ఎవరైనా, డాక్టరుతో సహా, పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. కాబట్టి పదిహేడేళ్ల గర్భిణి ఆసుపత్రికి రావడం అసాధారణం కాదు. ఆమెతో వచ్చిన తల్లికి, పోలీసులకు చెప్పాలన్న మాట చెవిన పడగానే అల్లుడో మేనల్లుడో జైలుకు వెళతాడన్న భయం పట్టుకుంటుంది. లేచి వెళ్లిపోతారు. తరువాత వారు ఎవరి దగ్గరికి వెళ్లారో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

2022 తీర్పు దీనికీ ఒక దారి చూపింది. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు చెప్పనక్కర్లేదు. అయితే ఆ తీర్పు సంగతి ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరుకు తెలిసి ఉండాలి, స్టేషన్‌లో రాసుకునే ఎస్.ఐ.కి కూడా తెలిసి ఉండాలి. పిల్లల మీద జరిగే అత్యాచారాలు బయటికి రావాలంటే కచ్చితమైన ఫిర్యాదు నిబంధన తప్పదనేవారి వాదనలో బలముంది. అదే నిబంధన పిల్లను ఆసుపత్రికి దూరం చేస్తోందనేవారి వాదనలోనూ అంతే బలముంది.

## పాడేరు నుంచి పెద్దాసుపత్రికి

విశాఖ నగరంలో పెద్దాసుపత్రి అనబడే కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, పాత ఊరి వైపు ఘోషా ఆసుపత్రి ఉంది, వీటికి తోడు లెక్కలేనన్ని ప్రైవేటు ఆసుపత్రులు. ప్రభుత్వ ఆసుపత్రికి అబార్షన్ కోసం వేరే అనుమతి అక్కర్లేదు. ప్రైవేటు ఆసుపత్రి మాత్రం జిల్లా కమిటీ నుంచి అనుమతి పొందాలి. నగరంలో ఉన్నామెకు సమస్య సంకోచం, సమాచారం.

మన్యంలో సమస్య మరొకటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైంది. కాగితాల్లో జిల్లా మారినా, కేసు కాస్త క్లిష్టమైతే చేరవలసింది ఇప్పటికీ ఘాట్ దిగి వంద కిలోమీటర్ల దూరంలోని పెద్దాసుపత్రికే. పురిటి నొప్పులు వచ్చినామెను డోలీలో మోసుకువెళ్లవలసిన గూడేలు ఇంకా ఉన్నాయి. నొప్పులకైతే ఊరంతా కదులుతుంది. అబార్షన్ కోసం వెళ్లేది ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా. సంతకు వెళుతున్నానని చెప్పి వెళ్లవలసిన స్త్రీకి రాత్రి ఇంటికి తిరిగి రాలేని దూరం అంటే దారి మూసుకుపోయినట్లే. ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళితే స్కానింగ్ రేపంటారు, ఆ రేపు శనివారమైతే సోమవారం అంటారు. ఏడో వారంలో బయలుదేరినామె తొమ్మిదో వారం దాటాక గాని డాక్టరు ముందు కూర్చోదు, అప్పటికి మాత్రల గడువు అయిపోయి, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రే వెతకాలి.

## ఇరవై నాలుగు దాటాక: బోర్డు, ఆ తరువాత కోర్టు

24 వారాల తరువాత చట్టం ఒప్పుకునే కారణం, తల్లి ప్రాణాపాయం కాకుండా, ఒక్కటే: పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చడం. ప్రసూతి నిపుణులు, పిల్లల డాక్టరు, స్కానింగ్ నిపుణులు ఉండే ఈ బోర్డు దరఖాస్తు అందిన మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి, ఒప్పుకుంటే అయిదు రోజుల్లో ప్రక్రియ పూర్తి కావాలి. ఇందులో కోర్టు ప్రసక్తే లేదు. కానీ లోపం ఏదీ లేకుండా 24 దాటినవారికి, ముఖ్యంగా అత్యాచారానికి గురై ఆలస్యంగా బయటపడిన పిల్లలకు, బోర్డు తలుపు తెరుచుకోదు. వారికి మిగిలేది హైకోర్టులో రిట్ పిటిషన్. విశాఖవాసులకు ఆ కోర్టు మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, అమరావతిలో ఉంది.

కోర్టు ఏం చెబుతుందో ముందుగా ఊహించలేం. మొదట్లో ప్రస్తావించిన 2023 కేసులో ఆ వివాహితకు అప్పటికే ఇద్దరు పిల్లలు, కాన్పు తరువాతి మానసిక కుంగుబాటు ఉంది. అక్టోబరు 9న అనుమతి వచ్చింది. పిండం బతికే అవకాశం ఉందని ఎయిమ్స్ డాక్టరు రాయడంతో 11న న్యాయమూర్తులు హిమా కోహ్లీ, నాగరత్న విభేదించారు. 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం నిరాకరించింది. తల్లి ఇష్టమే ప్రధానమన్న వైఖరి ఒకటైతే, బయట బతకగల దశకు చేరిన పిండం పట్ల రాజ్యానికి బాధ్యత ఉందన్నది మరొకటి. 2024 ఏప్రిల్‌లో సుమారు 30 వారాల గర్భంతో ఉన్న పద్నాలుగేళ్ల బాలికకు ఇచ్చిన అనుమతిని, తల్లిదండ్రులు మనసు మార్చుకోవడంతో కోర్టే వెనక్కి తీసుకుంది. ఆ తీర్పులోనే, బోర్డులు చట్టంలోని వారాలు వల్లించడంతో సరిపెట్టకుండా గర్భిణి శారీరక, మానసిక స్థితి గురించి కూడా అభిప్రాయం రాయాలని స్పష్టం చేసింది. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవారు లేవనెత్తే ప్రశ్న ఇంకొకటుంది: లోపమున్న పిండానికి మాత్రమే గడువు తొలగించడం, లోపమున్న జీవితానికి విలువ తక్కువని చట్టమే ఒప్పుకున్నట్లు కాదా? అందరికీ గడువు ఒకేలా ఉండాలన్నా, అది పెంచి సమానం చేయాలా తగ్గించి సమానం చేయాలా అన్న దగ్గర మళ్లీ దారులు చీలతాయి.

## ఎన్నికల్లో వినబడని రాజకీయం

అమెరికాలోలా అబార్షన్ మన దగ్గర ఎన్నికల అంశం కాదు. అంతమాత్రాన రాజకీయం లేదనుకోకూడదు. స్త్రీ హక్కు ఊసెత్తకుండా 1971 చట్టం సులభంగా నెగ్గిన రోజుల్లో జనాభా తగ్గించాలన్నది ప్రభుత్వ విధానం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేశారు. 2024 నవంబరులో అదే నిబంధనను మన శాసనసభ ఎత్తేసింది, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లలను కనమని బహిరంగంగా కోరారు. ఎం.టి.పి. చట్టం కేంద్రానిది కనుక దీనివల్ల అబార్షన్ నిబంధన ఏదీ మారలేదు. కానీ గర్భాన్ని జనాభా లెక్కగా చూసే ప్రభుత్వ ధోరణిని ఆశా కార్యకర్త నుంచి జిల్లా వైద్యాధికారి దాకా అందరూ పైనుంచి వచ్చే సంకేతంగానే తీసుకుంటారు. ఒకప్పుడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటేనే అబార్షన్ చేస్తామన్న షరతు పుట్టింది ఇలాంటి ధోరణి నుంచే.

అసలైన రాజకీయ తగవు ఇంకోచోట జరిగింది. తొలి వారాల మాత్రలను ఆయుష్ వైద్యులు, శిక్షణ పొందిన నర్సులు కూడా ఇవ్వవచ్చని 2014 నాటి సవరణ ముసాయిదా ప్రతిపాదించింది. మన్యంలో ప్రసూతి డాక్టరు లేని చోట కూడా ఏ.ఎన్.ఎం. అనే పల్లె నర్సు ఉంటుంది కాబట్టి పాడేరు వంటి ప్రాంతాలకు ఇది పెద్ద మార్పయ్యేది. భారతీయ వైద్య సంఘం దీన్ని వ్యతిరేకించింది. రక్తస్రావమైతే చూసుకోగల శిక్షణ లేనివారి చేతిలో పెట్టడం ప్రమాదమని వాదించింది. ఆ ప్రతిపాదన పక్కకు పోయింది. 2021 నిబంధనలు తొమ్మిది వారాల లోపు మాత్రలకు డాక్టరుకు కావలసిన అనుభవాన్ని పర్యవేక్షణలో చేసిన పది కేసులకు తగ్గించాయి గాని, ఆ పది కేసులూ చేయవలసింది మాత్రం డాక్టరే.